చిట్టెలుకను అడిగిన ప్రశ్న మా మేనత్తను ఎందుకు అడగలేదు?

ఈ వేసవి సెలవుల్లో కొన్ని పాత పరిశోధన పత్రాలు చదివాను. రేడియేషన్, కీమోథెరపీ కలిపి ఇస్తే జంతువుల మూత్రాశయం పనితీరు ఎలా మారుతుందన్నది వాటి విషయం. 1970ల చివరి నుంచి 1990ల దాకా యూరప్‌లో దీని మీద చాలా పని జరిగింది. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి అంకెలు, గ్రాఫులు నాకు కొత్త కాదు. నన్ను ఆపేసింది వాళ్ళ ఓపిక. చిట్టెలుక మూత్రాశయంలో పట్టేది మిల్లీలీటరులో పదో వంతు, మహా అయితే రెండు వంతులు. అంత చిన్న సంచి చికిత్సకు ముందు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది, రోజుకు ఎన్నిసార్లు ఖాళీ అవుతోంది అని నెలల తరబడి ఒక్కో ప్రాణికీ విడివిడిగా రాసుకున్నారు.

మా మేనత్తకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. కరెంటు (రేడియేషన్) పెట్టారు, దాంతో పాటే వారం వారం కీమో ఎక్కించారు. క్యాన్సర్ పోయింది. ఆ తర్వాత చెకప్‌కు వెళ్ళిన ప్రతిసారీ ఎర్రగా ఏమైనా కనిపిస్తోందా, నొప్పి ఉందా, బరువు తగ్గావా అని అడిగారు. మూత్రం ఎన్నిసార్లు వస్తోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు అని మాత్రం నేను పక్కన ఉండగా ఎవరూ అడగలేదు. కడప జిల్లాలో పల్లెటూరి ఆడమనిషి ఆ సంగతి తనంతట తాను మగ డాక్టరు ముందు చెబుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళకు మా ఆడవాళ్ళు తెలియదన్నమాట.

నా వాదన ఇది. ఆ జంతు ప్రయోగాల నుంచి మనం తెచ్చుకోవలసిన అసలు విషయం వాటి పద్ధతి. చికిత్స మొదలుపెట్టక ముందే మూత్రం లెక్క రాసుకోవాలి, చికిత్స ముగిశాక ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉండాలి. ఈ పని చిట్టెలుక విషయంలో జరిగింది, మనిషి దగ్గరికి వచ్చేసరికి మన దగ్గర చాలాచోట్ల జరగడం లేదు.

వాళ్ళు చూసింది ఏమిటి

కొలవడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి చాలా సులువు. బోను కింద వడపోత కాగితం పరుస్తారు. చిట్టెలుక మూత్రం పోసినచోట మరక పడుతుంది. అతినీలలోహిత కాంతి కింద పెడితే ఆ మరకలు మెరుస్తాయి. ఎన్ని మరకలు, ఒక్కొక్కటి ఎంత పెద్దది అని చూస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న జంతువు కాగితం మీద కొద్ది మరకలే ఉంటాయి, కానీ పెద్దవి. మూత్రాశయం దెబ్బతిన్నదాని కాగితం నిండా చిన్న చిన్న చుక్కలు పడతాయి. రెండో దారి, మత్తు ఇచ్చి సన్నని గొట్టం లోపలికి పంపి, నెమ్మదిగా సెలైన్ నింపుతూ ఎంత నిండాక ఒత్తిడి పెరుగుతుందో చూడటం. డ్రెస్డెన్‌లో వోల్ఫ్‌గాంగ్ డోర్ బృందం చేసింది ఇదే. అక్కడ నాకు బాగా నచ్చిన సంగతి, ప్రతి చిట్టెలుకకూ దాని పాత కొలతే ప్రమాణం. రేడియేషన్‌కు ముందు తను పట్టినంతలో సగానికి పడిపోతే దెబ్బ తగిలినట్టు. పక్క బోనులో ఉన్నదానితో పోలిక లేదు, అన్నింటికీ కలిపి వేసిన సగటుతోనూ లేదు.

ఫలితం రెండు విడతలుగా వచ్చింది. రేడియేషన్ తర్వాత మొదటి వారాల్లో మూత్రాశయం పట్టే కొలత తగ్గుతుంది, చాలావాటిలో మళ్ళీ కోలుకుంటుంది. అంతా సర్దుకుందనుకున్నాక, నెలల తర్వాత మళ్ళీ తగ్గడం మొదలవుతుంది. ఈ రెండోది తిరిగి బాగుపడే రకం కాదు. గోడలో పీచు కణజాలం పేరుకుంటుంది, రక్తనాళాలు పాడవుతాయి, సాగే గుణం పోతుంది. చిట్టెలుక బతికేదే రెండేళ్ళు. దాని జీవితంలో కొన్ని నెలలంటే మనిషికి ఏళ్ళు.

ఇంత ఆలస్యం ఎందుకు? మూత్రాశయం లోపలి పొర కణాలు చాలా నిదానంగా విభజన చెందుతాయి. పేగు లోపలి పొర రోజుల్లో మారిపోతుంది, ఇది మారడానికి నెలలు పడుతుంది. రేడియేషన్ దెబ్బ కణం డీఎన్ఏలో ఉంటుంది, కణం రెండుగా చీలబోయేదాకా అది బయటపడదు. చెదలు పట్టిన దూలం ఇంటి పైకప్పును మోస్తూనే ఉంటుంది, కొత్త బరువు పెట్టిన రోజున కూలుతుంది. కీమో ఆ కొత్త బరువు కాగలదు.

సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు సంగతి చూడండి. ఈ మందును కాలేయం విడగొడుతుంది. అందులోంచి వచ్చే అక్రోలిన్ అనే పదార్థం మూత్రంలో చేరి, మూత్రాశయంలో నిలవ ఉన్నంతసేపూ లోపలి పొరను కాలుస్తుంది. పొర ఊడిపోతుంది, కింది కణాలు హడావిడిగా విభజన చెంది కొత్త పొర కడతాయి. మామూలు జంతువులో ఇది కొద్ది రోజుల్లో అయిపోతుంది. అంతకుముందే రేడియేషన్ తిన్న జంతువులో ఆ హడావిడి విభజనే ముప్పు, ఎందుకంటే దాగి ఉన్న దెబ్బ అప్పుడు బయటికి వస్తుంది. అందుకే నెదర్లాండ్స్‌లో ఫియోనా స్టీవర్ట్ బృందం సైక్లోఫాస్ఫమైడ్, ఎక్స్‌రేలు కలిపి ఇచ్చినప్పుడు ఏది ముందు, ఏది తర్వాత, మధ్యలో ఎంత ఎడం అన్నదాన్ని ప్రత్యేకంగా పరీక్షించింది. రెండూ కలిశాయా లేదా అని చూసి ఊరుకుంటే సరిపోదు, ఎప్పుడు కలిశాయో కూడా చూడాలి.

ఎలుక వేరు, మనిషి వేరు కదా?

ఈ మాట మా కాలేజీ స్టాఫ్ రూములోనే వచ్చింది. కెమిస్ట్రీ చెప్పే సార్ ఒకాయన నేను చెప్పిందంతా విని, "మేడమ్, ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకకు ఒక్కసారే పెద్ద డోసు కొట్టి, అది మనకు వర్తిస్తుందంటే ఎట్లా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చాలా ప్రయోగాల్లో ఆ జంతువులకు గడ్డే లేదు. మనుషుల్లో గడ్డే ఒక్కోసారి మూత్రాశయాన్ని నొక్కుతూ ఉంటుంది, చికిత్స వల్ల మూత్రం సాఫీ అయిన వాళ్ళూ ఉంటారు. మనుషులకు డోసును రోజూ కొంచెం కొంచెంగా ముక్కలు చేసి ఇస్తారు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌లో బయటి నుంచి పెట్టేది సుమారు 45 నుంచి 50 గ్రే (రేడియేషన్ డోసు కొలత), 25 రోజుల పైచిలుకు సిట్టింగుల్లో, ఆ తర్వాత లోపలి నుంచి పెట్టే బ్రాకీథెరపీ. అలా ముక్కలు చేయడం వల్లే మామూలు కణాలు తేరుకోగలుగుతున్నాయి.

మందూ వేరే. మా మేనత్తకు ఇచ్చింది సిస్‌ప్లాటిన్. అది కణం తన డీఎన్ఏను బాగుచేసుకోకుండా అడ్డుపడి రేడియేషన్ బలం పెంచుతుంది. దాని ప్రధాన దెబ్బ మూత్రపిండాల మీద, చెవుల మీద. సైక్లోఫాస్ఫమైడ్ లాగా మూత్రాశయాన్ని నేరుగా కాల్చదు. కాబట్టి చిట్టెలుకలో సైక్లోఫాస్ఫమైడ్‌తో కనిపించింది సిస్‌ప్లాటిన్ తీసుకున్న మనిషిలోనూ అంతే జరుగుతుందని ఎవరైనా అంటే అది తప్పు. నేను అనడం లేదు.

అయితే ఆయన ప్రశ్నకు నా దగ్గర ఒక ఎదురు ప్రశ్న ఉంది. జంతువుల లెక్క మనకు చెల్లదు సరే, మనుషుల లెక్క ఎక్కడుంది? 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఐదు ట్రయల్స్ చూసి, ఈ క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ కూడా ఇవ్వాలని డాక్టర్లకు హెచ్చరికగా రాసింది. 2008లో అనేక ట్రయల్స్ రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూస్తే, కీమో కలపడం వల్ల ఐదేళ్ళు బతికేవారు 100కు 60 నుంచి 66కు పెరిగారని తేలింది. చాలా విలువైన లాభం. అదే సమీక్షలో ఆలస్యంగా వచ్చే దుష్ప్రభావాల దగ్గరికి వచ్చేసరికి తేల్చడానికి సరిపడా వివరాలు లేవు. ఎంతమంది బతికారో జాగ్రత్తగా లెక్కించారు. బతికినవాళ్ళు రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నారో చాలా ట్రయల్స్‌లో సరిగా రాసుకోలేదు.

ఈ మధ్య కొంత మారింది. ఎంబ్రేస్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో ఎంఆర్ఐ చూసుకుంటూ బ్రాకీథెరపీ ఇచ్చారు. ఐదేళ్ళకు 92 శాతం మందిలో గడ్డ ఉన్నచోట మళ్ళీ రాలేదు. మూత్ర వ్యవస్థకు తీవ్రమైన దెబ్బ తగిలినవారు 6.8 శాతం. కావాలనుకుంటే లెక్కించవచ్చని ఇది చూపిస్తోంది. కానీ ఆ 6.8 తీవ్రమైనవాటి లెక్క. మా మేనత్త ఆ లెక్కలోకి రాదు. ఆమెకు రక్తం పడలేదు, ఆపరేషన్ అవసరం రాలేదు. ఆమె బస్సు ఎక్కడం మానేసింది, అంతే.

జమ్మలమడుగు బస్సు

దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మా మేనత్త ఊరు జమ్మలమడుగు దగ్గర. చికిత్స అయిన మొదటి ఏడాది బాగానే తిరిగింది. తర్వాత తర్వాత పెళ్ళిళ్ళకు రానంటుంది, తిరునాళ్ళకు రానంటుంది. కడపకు మా ఇంటికి రమ్మంటే ఏదో ఒక సాకు. ఓపిక లేదేమో, వయసు కదా అనుకున్నాం. ఒకసారి తప్పనిసరై నాతో బస్సులో వచ్చింది. ఏప్రిల్ ఎండ. పొద్దున లేచినప్పటి నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. నేను బాటిల్ ఇస్తే తీసుకొని మూత కూడా తీయకుండా సంచిలో పెట్టుకుంది. తలుపు దగ్గర సీటు కావాలని కండక్టరును బతిమాలింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బస్టాండులో దిగీ దిగగానే ఆమె పరుగు చూశాక నాకు విషయం అర్థమైంది.

ఇంటికొచ్చాక అడిగితే, "ఏం చెప్పాల అమ్మీ, గంటకోపారి ఒంటికి పోవాల. ఆపుకుంటే నిలబడదు. రాత్రి నిద్రే లేదు. వేడి చేసిందని మన ఆర్‌ఎంపీ మాత్రలిస్తా ఉండాడు" అంది. ఆ మాత్రలు యాంటీబయాటిక్‌లు. మూత్ర పరీక్ష చేయించకుండానే, మళ్ళీ మళ్ళీ. దాంతో పాటు సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు. "మరి పెద్దాసుపత్రిలో చెప్పలేదేం?" అంటే, "వాళ్ళడగలే. పానం నిలబెట్టినారు, చాలదా? ఇంక దీనిగ్గూడా వాళ్ళను ఇబ్బంది పెట్టేదేంది?" అంది.

కొత్తగా అడగడానికి వాళ్ళకు కష్టమేమీ లేదని నేనంటాను. ఎందుకంటే చికిత్స జరిగే రోజుల్లో మూత్రాశయం గురించి వాళ్ళకు ఎంత శ్రద్ధో నేను చూశాను. కరెంటు పెట్టే ముందు ఒకసారి పోసి రమ్మంటారు, లెక్కగా నీళ్ళు తాగించి, కాసేపు ఆపుకొని కూర్చోమంటారు. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పైకి జరిగి రేడియేషన్ దారిలోంచి తప్పుకుంటాయి. వరండాలో బెంచీ మీద ఆడవాళ్ళు వరుసగా నీళ్ళ బాటిళ్ళు పట్టుకొని, కాళ్ళు ముడుచుకొని కూర్చుని ఉంటారు. రోజూ అంత పక్కాగా నింపించి పెట్టిన అవయవం చికిత్స అయిన మర్నాటి నుంచి ఎవరి జాబితాలోనూ లేకుండా పోతోంది. బ్రాకీథెరపీ ప్లాన్ వేసేటప్పుడైతే మూత్రాశయంలో పెట్టిన గొట్టం (కథీటర్) కొసన ఉండే బెలూన్‌లో ఎక్స్‌రేకు కనబడే ద్రవం నింపి, మూత్రాశయానికి ఎంత డోసు పడుతుందో చూసే పద్ధతి 1985 నుంచీ ఉంది. డోసు ఎంత పడిందో ఫైల్లో ఉంటుంది. ఆ డోసు ఏం చేసిందో ఉండదు.

చెబితే భయపడరా?

నాకున్న అసలైన సందేహం ఇదే. మన దగ్గర కీమో అనగానే సగం మంది వెనక్కి లాగుతారు. "మూత్రాశయం కూడా దెబ్బతినొచ్చు" అని ముందే చెబితే ఇంకొందరు మానేసి నాటు వైద్యానికి పోతారేమో. ఆ భయం నాకు నిజంగానే ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఇదే క్యాన్సర్ మూడో దశ బిలో ఉన్న రోగులు 850 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిలో ఐదేళ్ళకు 46 శాతం బతికి ఉంటే, సిస్‌ప్లాటిన్ కూడా తీసుకున్నవారిలో 54 శాతం. మన దేశంలో, మనలాంటి ఆడవాళ్ళ మీద వచ్చిన లెక్క ఇది. నా రాత చదివి ఒక్కరు కీమో వద్దనుకున్నా నేను చేసింది తప్పే అవుతుంది. డాక్టరు కలిపి తీసుకోమంటే కలిపే తీసుకోండి.

కానీ చెప్పడం వేరు, అడగడం వేరు. రోగిని భయపెట్టకుండానే అడగవచ్చు. పశువైద్యం చదివిన నా స్నేహితురాలితో ఈ మాట అంటే ఆమె ఒక సంగతి చెప్పింది. కుక్కలకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చినప్పుడు సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. దాన్ని పొద్దున పూటే ఇమ్మంటారు, రాత్రంతా మూత్రం నిలవ ఉండకుండా. ఎక్కువసార్లు పోసేలా ఫ్యూరోసెమైడ్ కూడా ఇస్తారు. మాటిమాటికీ బయటికి తిప్పమంటారు. తర్వాతి డోసుకు వచ్చినప్పుడు, ఎన్నిసార్లు పోస్తోంది, ముక్కుతోందా, ఎర్రగా వస్తోందా అని యజమానిని అడుగుతారు. కుక్క చెప్పుకోలేదు కాబట్టి అడగడం అక్కడ అలవాటైపోయింది. మనిషి చెప్పగలదు కాబట్టి చెబుతుందిలే అని ఇక్కడ వదిలేశారు. సిగ్గుతోనో మొహమాటంతోనో నోరు విప్పని మనిషి, ఈ ఒక్క విషయంలో కుక్క కంటే వెనకబడిపోయింది.

ఓపీలో రద్దీ ఎంత ఉంటుందో నాకు తెలుసు. ఒక్క డాక్టరు ముందు ఎంతమంది కూర్చుని ఉంటారో చూశాను, ఆయన్ను నేను తప్పుపట్టడం లేదు. ఈ ప్రశ్న అడగడానికి డాక్టరే అక్కర్లేదు. బీపీ చూసే నర్సమ్మ అడగవచ్చు, ఊళ్ళో ఆశా కార్యకర్త అడగవచ్చు. ఆడమనిషి అడిగితే జవాబు కూడా సరిగా వస్తుంది.

ఆ ప్రాణుల సంగతి

జంతు ప్రయోగాల మీద నా మనసు ఎప్పుడూ ఒకచోట నిలవదు. మా కాలేజీలో నేను చేరిన కొత్తలో కప్పలు కోయించేవాళ్ళం. 2014లో యూజీసీ డిసెక్షన్లు వద్దంది, నాకు సంతోషమే వేసింది. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు చెప్పిన మూడు సూత్రాలను, అంటే వీలైతే జంతువు లేకుండా చేయి, తప్పకపోతే తక్కువ వాటితో చేయి, నొప్పి తగ్గించి చేయి అన్నవాటిని, నేను పిల్లలకు ఇప్పటికీ చెబుతాను. గొట్టం పెట్టి మూత్రాశయం నింపించుకున్న ఆ చిట్టెలుకల గురించి చదువుతుంటే నాకు తేలిగ్గా ఏమీ లేదు.

ఆ బాధకు ఫలం దక్కిన సందర్భాలు ఉన్నాయి. సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే మూత్రంలో రక్తం పడటానికి అక్రోలినే కారణమని 1979లో ఎలుకల మీద పనితోనే రుజువైంది. జర్మనీలో నార్బెర్ట్ బ్రాక్ బృందం అక్రోలిన్‌ను మూత్రంలోనే పట్టేసే మెస్నా అనే మందును ఎలుకల్లోనే పరీక్షించింది. ఇవాళ అదే కోవకు చెందిన ఐఫాస్ఫమైడ్ గానీ, పెద్ద డోసులో సైక్లోఫాస్ఫమైడ్ గానీ ఇచ్చేచోట మెస్నా కూడా ఇస్తున్నారు. ఎంతోమంది పిల్లల మూత్రాశయాలు నిలబడ్డాయి. జంతువు నుంచి నేర్చుకున్నది రోగి మంచం దాకా వచ్చిందంటే అలా రావాలి.

రేడియేషన్ తర్వాత ఆలస్యంగా వచ్చే దెబ్బ విషయంలో ఆ రాక సగంలో ఆగిపోయింది. మెస్నా లాంటి మందు దీనికి లేదు, నిజమే. కానీ ఆ జంతువులు ఇచ్చిన సమాచారం, "మొదట కోలుకుంటుంది, నమ్మకండి, నెలల తర్వాత మళ్ళీ చూడండి" అన్నది, అమలు చేయడానికి మందు అక్కర్లేదు. దాన్ని వాడుకోకుండా వదిలేస్తే అన్ని ప్రాణుల్ని ఎందుకు బాధపెట్టినట్టు?

ఏం రాసుకోవాలి

చికిత్స మొదలయ్యే ముందు మూడు రోజులు లెక్క రాసుకోమనండి. మూత్రానికి వెళ్ళిన సమయం, ఒక పాత కొలత గ్లాసులో పట్టి ఎంత వచ్చింది, రాత్రి నిద్రలోంచి ఎన్నిసార్లు లేచారు, ఆపుకోలేక బట్టలు తడిశాయా. చదువు రాకపోతే ఇంట్లో పిల్లలు రాస్తారు. నలుగురిని కన్న తల్లికి, సుగర్ ఉన్న మనిషికి ముందే ఎక్కువసార్లు వెళ్ళే అలవాటు ఉండవచ్చు. ఆ పాత లెక్క లేకపోతే తర్వాత ఏది వయసు వల్ల వచ్చింది, ఏది కరెంటు వల్ల వచ్చింది అని ఎవరూ తేల్చలేరు. మా మేనత్త విషయంలో మేం తేల్చలేకపోతున్నది అదే. ఆమె పాత మూత్రాశయం ఎలా ఉండేదో ఏ కాగితం మీదా లేదు.

చికిత్స అయిపోయాక ప్రతి చెకప్ ముందూ అదే మూడు రోజుల లెక్క. సంఖ్య పెరుగుతుంటే, ఒక్కోసారి వచ్చే కొలత తగ్గుతుంటే ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టండి. నోటితో చెప్పడానికి సిగ్గయితే కాగితం చెబుతుంది. మంట ఉంటే మూత్ర పరీక్ష, కల్చర్ చేయించాకే యాంటీబయాటిక్. మూత్రం ఎర్రగా వస్తే, ఒక్కసారే అయినా, నొప్పి లేకపోయినా, ఊళ్ళో మాత్రలతో ఆగకుండా క్యాన్సర్ డాక్టరుకో యూరాలజిస్టుకో చూపించాలి, కెమెరాతో లోపల చూడవలసి రావచ్చు. రేడియేషన్ వల్ల వచ్చిన మూత్రాశయ వాపుకు చేయగలిగింది ఏమీ లేదన్నది కూడా పాత మాట. ఆపుకోలేనితనాన్ని తగ్గించే మాత్రలు ఉన్నాయి. రక్తం ఆగకపోతే కడిగే పద్ధతులు ఉన్నాయి. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్స మీద నార్డిక్ దేశాల్లో జరిగిన ట్రయల్‌లో మంచి ఫలితాలు వచ్చి 2019లో అచ్చయ్యాయి. అది మన జిల్లాల్లో దొరకడం కష్టమే, అయినా ఉందని తెలిస్తే అడగవచ్చు.

మా మేనత్తకు సంక్రాంతి తర్వాత లెక్క రాయడం మొదలుపెట్టాం. రాసేది మా మేనత్త మనవరాలు, తొమ్మిదో తరగతి. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేదని తేలింది. యూరాలజిస్టు ఆ కాగితాలు తిరగేసి, రాత్రి పూట లేచే సంఖ్య చూసి మందు రాశారు, నీళ్ళు మానేయవద్దని గట్టిగా చెప్పారు. ఇప్పుడు రాత్రి లేవడం కొంత తగ్గింది, పగటి సంఖ్య ఇంకా అలాగే ఉంది. వచ్చే చెకప్‌కు కొత్త కాగితాలు పట్టుకుపోతాం.